సాము విద్యలు - పోటీ గడులు

గత సంవత్సరం మన విద్యార్థి ఒకడు అంతర కళాశాల యువజనోత్సవానికి వెళ్ళి, బరిలో దిగకముందే ఓడి తిరిగి వచ్చినాడు. ఆ ఊరి పేరుతో గాని, నిర్వాహకుల పేర్లతో గాని మనకు పని లేదు. జరిగినది మాత్రం చెప్పవలసి ఉన్నది. ఆ విద్యార్థి నేర్చినది కర్రసాము. చెన్నూరులో తన నానా వద్ద ఏడవ ఏట నుండి అభ్యసించినాడు. దరఖాస్తు పత్రంలో 'క్రీడలు' అను శీర్షిక క్రింద కరాటే, టైక్వాండో, వుషు అని మూడు గడులు ఉన్నవి. 'సాంస్కృతిక కార్యక్రమములు' అను శీర్షిక క్రింద జానపద నృత్యం ఉన్నది. కర్రసాముకు ఎక్కడా గడి లేదు. బల్ల వద్ద కూర్చున్న గుమాస్తా కాసేపు కలం కొరికి, జానపద నృత్యానికి ఎదురుగా టిక్కు పెట్టినాడు.

తరువాతి కథ మీరు ఊహించగలరు. "సంగీతం ఏది?" అని ఒక న్యాయనిర్ణేత అడిగినారు. "వేషధారణ లేదే" అని మరొకరు అన్నారు. మన వాడు మనిషి ఎత్తు వెదురు కర్రను తలపై నుండి మోకాలి దాక, మోకాలి నుండి వీపు వెనుకకు, కంటికి ఆననంత వేగంతో త్రిప్పినాడు. నలుగురు నాలుగు దిక్కుల నుండి వచ్చినచో ఏ దెబ్బను ఎట్లు కాచుకొనవలెనో ఒంటరిగా చేసి చూపినాడు. కాని 'భావప్రకటన'కు పది మార్కులు, 'ఆహార్యం'కు పది మార్కులు ఉన్న పత్రంలో ఆ కాపుదలకు చోటెక్కడ? నేను ఆ గుమాస్తాను నిందించను. అతని చేతిలోని కాగితంలో ఉన్న గడులలోనే అతడు వెదకినాడు. ఆ కాగితం తయారు చేసినవారికైనా దురుద్దేశం ఉండి ఉండదు. కర్రసాము అనునది ఒకటి ఉన్నదని వారికి తోచలేదు, అంతే.

తిరుగు ప్రయాణంలో బస్సులో నన్ను వేధించిన ప్రశ్న వేరు. ఎక్కడి చైనా, ఎక్కడి కడప జిల్లా! చైనా వారి వుషుకు మన కాగితంలో గడి దొరికినది. పెన్నా ఒడ్డున పుట్టిన విద్యకు దొరకలేదు. వారు ఈ గడిని ఎట్లు సంపాదించినారు? దానికి ఏమి చెల్లించినారు? అప్పటి నుండి దొరికిన పుస్తకాలు, పోటీల నియమావళులు చదువుతూ వచ్చినాను. నేను తెలుగు సాహిత్యం చదువుకొన్నవాడను, సాము చేసినవాడను కాను. అయినను వర్గీకరణ అనునది లక్షణకారుల వ్యవహారమే కనుక, ఆ మేరకు మాట్లాడుటకు నాకు కొంత హక్కు ఉన్నదనుకొంటాను.

'వు' అనగా యుద్ధం, 'షు' అనగా విద్య. మనం చలనచిత్రాల పుణ్యమా అని కుంగ్‌ఫూ అంటున్నదే ఇది. అది ఒక్క విద్య కాదు. 1983 నుండి 1986 వరకు చైనా ప్రభుత్వం దేశమంతటా జరిపించిన పరిశీలనలో, స్వంత చరిత్ర, స్వంత సిద్ధాంతం, స్వంత పద్ధతి గల శైలులు 129 తేలినవి. వీనిని పూర్వులు రకరకాలుగా విభజించుకొన్నారు. ఉత్తరాది, దక్షిణాది అని కొందరు. అంతర్ముఖం, బహిర్ముఖం అని కొందరు. షావోలిన్ మఠం వారు, వుడాంగ్ కొండ వారు అని మరికొందరు. ఇట్టి విభజనలలో ఎంత చరిత్ర ఉన్నదో అంత కట్టుకథ కూడ ఉన్నది. షావోలిన్, వుడాంగ్‌ల గురించి ప్రచారంలో ఉన్న గాథలను టాంగ్ హావో అను చరిత్రకారుడు 1930లోనే ఒక గ్రంథంలో ఖండించినాడు.

గాథను ఖండించవచ్చును గాని, దానిపై కట్టిన గోడ ఊరకే కూలదు. 1928లో నాన్‌జింగ్ నగరంలో జాతీయ సాము విద్యాలయం స్థాపించినప్పుడు దానిని షావోలిన్ శాఖ, వుడాంగ్ శాఖ అని రెండుగా విభజించినారు. షావోలిన్ శాఖకు అధిపతి వాంగ్ జిపింగ్. వుడాంగ్ శాఖకు అధిపతి గావో జెన్‌డాంగ్. శాఖలు రెండైన మరుక్షణం మా విద్య గొప్పదా, మీ విద్య గొప్పదా అను ప్రశ్న పుట్టినది. చివరకు అధిపతులిద్దరే కలబడవలసి వచ్చినది. విద్యాలయం వారు భయపడి ఆ శాఖలనే రద్దు చేసినారు. కాగితంపై గీసిన ఒక గీత ఇద్దరు పెద్దమనుషులను బరిలోనికి దింపినదన్న మాట!

ఈ వాంగ్ జిపింగ్ గారి గురించి ఒక్క మాట. 1881లో హెబే రాష్ట్రపు త్సాంగ్‌జౌలో జన్మించిన ఈయన ముస్లిం. చైనాలో హుయ్ అని పిలువబడు ముస్లిం సమాజానికి చెందినవాడు. దాదాపు ఎనుబది ఏండ్ల వయసులో, 1960లో, చైనా ప్రధాని చౌ ఎన్‌లై బర్మా పర్యటనకు వెళ్ళినప్పుడు సాము బృందంతో పాటు ఆయన కూడ వెళ్ళినారు. 1973లో మరణించినారు. మన విద్యార్థులలో పలువురికి చైనా సాము అనగానే బౌద్ధ సన్యాసులు మాత్రమే గుర్తుకు వస్తారు. ఆ దేశపు సాము చరిత్రలో హుయ్ ముస్లింల పాత్ర చాల పెద్దది. ఛా చువాన్ అను శైలి వారిదే. పశ్చిమ ప్రాంతం నుండి వచ్చిన ఛా మీర్ అను ముస్లిం యోధుడు, మింగ్ చక్రవర్తుల కాలంలో షాన్‌డాంగ్‌లోని ఒక గ్రామంలో జబ్బుపడగా, గ్రామస్థులు సేవ చేసి బ్రతికించినారని, ఆ కృతజ్ఞతతో వారికి తన విద్య నేర్పినాడని ఐతిహ్యం. ఈ శైలికి పునాదిగా నేర్పు తాన్‌తుయ్ అభ్యాసంలో మొదట 28 వరుసలు ఉండెడివని, అవి అరబ్బీ అక్షరమాలలోని 28 అక్షరాలకు సరి అని కూడ చెప్పుకొంటారు. చరిత్ర తూనికరాతికి ఈ కథ నిలుచునో లేదో గాని, అలిఫ్, బే అని ఓనమాలు దిద్దిన వారెవరికైనా ఇది వినసొంపుగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. 1949 తరువాత కొత్త ప్రభుత్వం సామును జాతీయ క్రీడగా మలచదలచినది. 1953లో తియాన్‌జిన్‌లో సంప్రదాయ క్రీడల ప్రదర్శన పోటీ జరిగినది. 1956లో తైచీ విద్యను 24 భంగిమలకు కుదించి, ఎవరైనా నేర్వదగిన సులభ రూపం సిద్ధం చేసినారు. 1959లో పోటీలకు నియమావళి వెలువడినది. పోటీ అనగా పోల్చుట. పోల్చుటకు సామాన్యమైన రూపం కావలె. అందుకై ఛా, హువా, పావో, హుంగ్, షావోలిన్ మొదలగు ఉత్తరాది శైలుల నుండి ఏరి కూర్చి 'చాంగ్ చువాన్' అను ఒక నూతన రూపం కల్పించినారు. దానికి 'దీర్ఘ ముష్టి' అని అర్థం. దక్షిణాది శైలులను అన్నింటిని కలిపి 'నాన్ చువాన్' అన్నారు. మూడవది తైచీ. నేటికిని అంతర్జాతీయ పోటీలలో రిక్తహస్త విన్యాసానికి గల ప్రధాన గడులు ఈ మూడే. ఆయుధాలైన ఖడ్గం, కర్ర, ఈటె మొదలైనవి కూడ ఈ మూడు కొమ్మలకు వ్రేలాడునవే.

ఆ నూతన రూపకల్పనలో పాలుపంచుకొన్న పండితులలో జాంగ్ వెన్‌గ్వాంగ్ ముఖ్యులు. ఆయనయు హుయ్ ముస్లిమే. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంలో సాము ప్రదర్శించిన చైనా బృందంలో ఒకరు. ఛా చువాన్‌లో నిష్ణాతులు. అనగా గడి గీసినవారు పరాయివారు కారు. లోపలి వారే, విద్య తెలిసినవారే గీసినారు. అయినను ఫలితం ఏమైనది? ఛా చువాన్‌లోని చేయి చాపు, అడుగు దూకు, నడుము త్రిప్పు అన్నియు నేడు ప్రపంచమంతటా చాంగ్ చువాన్ పేరుతో బ్రతికి ఉన్నవి. ఛా మీర్ పేరు మాత్రం ఆ గడిలో లేదు. నదులన్నీ కలిసినవి, నీరు పోలేదు, పేరు పోయినది. దీనిని నష్టమనవలెనా, వ్యాప్తి అనవలెనా? నేను చాల దినములు ఆలోచించినాను. రెండును అనక తప్పదు.

మరి మిగిలిన సంప్రదాయ శైలుల గతి ఏమి? వారికై చైనా పోటీలలో వేరుగా నాలుగు తరగతులు ఏర్పరచినారు. మొదటి తరగతిలో షింగ్‌యీ, బాగ్వా, బాజీ. రెండవ తరగతిలో తోంగ్‌బే, పీగ్వా, ఫాన్‌జీ. మూడవ తరగతిలో నేలపై దొర్లుచు చేయునవి, పశుపక్ష్యాదులను అనుకరించునవి. నాలుగవ తరగతిలో ఛా, హువా, పావో, హుంగ్, షావోలిన్. చూచుటకు చక్కని పట్టిక. కాని త్సాంగ్‌జౌ ప్రాంతపు గురువుల దృష్టిలో బాజీ, పీగ్వా అనునవి ఒకే విద్యకు రెండు చేతులు. బాజీ దగ్గరగా వచ్చి మోచేతితో, భుజంతో కొట్టు విద్య. పీగ్వా దూరం నుండి చేయి జాపి కొట్టు విద్య. ఒకటి లేనిచో రెండవది కుంటిదని వారి నమ్మకం. ఆ ప్రాంతానికి చెందిన హుయ్ ముస్లింలైన మా వంశీయులు రెండింటిని కలిపియే నేర్పినారు. పోటీ పట్టిక వచ్చి కుడిచేతిని మొదటి తరగతిలోను, ఎడమచేతిని రెండవ తరగతిలోను వ్రాసినది! 2004లో జెంగ్‌జౌ నగరంలో సంప్రదాయ శైలులకు ప్రత్యేకంగా ప్రపంచ పోటీ ప్రారంభమైనది గనుక ఆ విద్యలకు వేదిక అంటూ ఒకటి దొరికినది. ఆ మాట మరువరాదు.

గడి తరువాత వచ్చునది మార్కు. అంతర్జాతీయ వుషు సమాఖ్య 1990లో ఏర్పడినది. మొదటి ప్రపంచ పోటీలు 1991లో బీజింగ్‌లో జరిగినవి. 2005 నాటి నియమావళి ప్రకారం ఒక విన్యాసానికి మొత్తం 10 మార్కులు. కదలికల నాణ్యతకు 5, సమగ్ర ప్రదర్శనకు 3, కష్టసాధ్యతకు 2. రంగస్థలం 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల తివాచీ. చాంగ్ చువాన్ విన్యాసం కనీసం 1 నిమిషం 20 సెకన్లు ఉండవలె. నాణ్యత విభాగంలో ప్రతి దోషానికి ఇంత అని కోత. కష్టసాధ్యతకు గాలిలో ఎన్ని చుట్లు తిరిగినారు, దిగునప్పుడు ఏ భంగిమలో దిగినారు అని లెక్క. రెండు పూర్తి చుట్లు తిరిగి, తూలకుండ దిగినవానికి ఎక్కువ.

మన ఛందశ్శాస్త్రం చదివినవారికి ఇది కొత్త కాదు. గణభంగం లెక్కపెట్టవచ్చును. యతి తప్పినది చూపవచ్చును. ఉత్పలమాలకు, చంపకమాలకు గడులు ఉన్నవి. దోషం లేని పద్యమును దోషరహితమనుటకు సందేహం అక్కరలేదు. అందు కవిత్వం ఉన్నదా అను ప్రశ్నకు మాత్రం గణాలు జవాబు చెప్పవు. మన జిల్లాలో విశ్వవిద్యాలయానికే పేరైన వేమన, వృత్తాల జోలికి పోక ఆటవెలదితో సరిపెట్టుకొన్నాడు. కష్టసాధ్యతకు మార్కులు వేయు సభలో వేమనకు ఎన్ని వచ్చి ఉండును? తైచీ వంటి నిదానపు విద్యలో సైతం గాలిలోనికి ఎగిరి తిరుగు గంతులు చేరినవనగా, అందుకు కారణం గురువులు కారు, మార్కుల పట్టికయే. లెక్కకు అందునది పెరుగును, అందనిది తరుగును. విద్యార్థులను ఏటేటా పరీక్షలకు పంపు మనకు ఇది వేరొకరు చెప్పవలెనా?

విన్యాసం ఒక ప్రక్క, పోరు ఒక ప్రక్క. పోరు విభాగాన్ని సాండా అంటారు. 80 సెంటీమీటర్ల ఎత్తు, 8 మీటర్ల చదరం గల వేదికపై, బరువును బట్టి జతలు కట్టి, గుద్దుటకు, తన్నుటకు, పడవేయుటకు పాయింట్లు ఇస్తారు. ఇచ్చట శైలి పేరు అడుగువాడే లేడు. కుస్తీ నేర్చినవాడైనా, కరాటే నేర్చినవాడైనా రావచ్చును. ఆసియా క్రీడలలో వుషుకు సంబంధించి మన దేశం సంపాదించిన పతకాలన్నియు ఈ సాండాలోనివే కావడం గమనింపదగినది. 2010లో గ్వాంగ్‌జౌలో సంధ్యారాణీ దేవి రజతం, 2018లో జకార్తాలో నాలుగు కాంస్యాలు, 2023లో హాంగ్‌జౌలో రోషిబినా దేవి రజతం. 2017లో కజాన్‌లో పూజా కాద్యాన్ ప్రపంచ విజేత అయినదియు సాండాలోనే. చైనా వారి విన్యాసం చైనా వారి వలె చేయుట కష్టం. బరిలో పడవేయుటకు మాత్రం ఏ దేశపు బలమైనా చెల్లును.

ఇక్కడ మన ఇంటి సంగతి ఒకటి జ్ఞాపకం వస్తున్నది. 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో వుషు మొదటిసారి పతకాల క్రీడగా ప్రవేశించినది. అదే క్రీడలలో మొదటిసారి ప్రవేశించిన మరొక క్రీడ కబడ్డీ. అనగా మన చెడుగుడు. అందును పూర్వం సంజీవని, గామిని, అమర్ అని మూడు తీరులు ఉండెడివి. ఔటైనవాడు మరల బ్రతికి వచ్చు సంజీవని తీరు పోటీలకు దాదాపుగా ఆధారమైనది. తక్కిన రెండు పల్లెలకే మిగిలినవి. చెడుగుడు అను పేరు మన పిల్లల నోట వినిపించుట అరుదైనది. కాని పేద ఇండ్ల పిల్లలు ఎందరో కబడ్డీ వలన ఉద్యోగాలు సంపాదించుకొన్నారు. పేరు పోయినదని వారి ముందు నిలబడి కన్నీరు కార్చుటకు నాకు ధైర్యం చాలదు.

కర్రసాముకు గడి కావలెనా అన్నచో, కావలెననియే నా అభిప్రాయం. మన ప్రాంతంలో పీర్ల పండుగ నాడు చావిడి ముందు కర్ర త్రిప్పని ఊరు నా చిన్నతనంలో చూడలేదు. అందులో హిందువులు, ముస్లింలు అను భేదం లేదు. నేర్పువానిని మనం తెలుగులో వస్తాదు అంటాము. అది ఉర్దూలోని ఉస్తాదే. నేర్పు చోటు తాలీంఖానా. తాలీం అనగా చదువు. ఒకే మాట మన తరగతి గదికి, ఆ మట్టి బరికి కూడ చెల్లినది. నేడు ఆ బరులు పలు ఊళ్ళలో ఖాళీ స్థలాలైనవి. 2022 జూన్‌లో హర్యానాలోని పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో గట్కా, తాంగ్-తా, కలరిపయట్టు, మల్లఖంబ్‌లకు చోటు దొరికినది. పంజాబు, మణిపురం, కేరళ తమ తమ విద్యలను తెచ్చుకొన్నవి. ఆ నాలుగింటిలో కర్రసాము లేదు. పొరుగున తమిళులు సిలంబానికి విన్యాసం వేరు, పోరు వేరుగా పోటీలు నడుపుకొంటున్నారు. మనం మాత్రం దానిని జానపద నృత్యమని వ్రాయించుకొంటున్నాము.

మన అధ్యాపక మిత్రులొకరు, "ముందు సిలంబం నియమాలే తెచ్చి వాడుకొందము, పని సులువు" అన్నారు. సులువే. కాని ఛా చువాన్ కథ చదివిన తరువాత ఆ సులువును చూచి భయం వేయుచున్నది. సిలంబం గడిలో కర్రసామును పోసినచో, ఇరువది ఏండ్లకు మన పిల్లలు మంచి సిలంబం చేస్తారు. చెన్నూరు వస్తాదు అడుగు మాత్రం ఎవరికీ తెలియదు. గడి గీయుటకు ముందు, గీయదలచిన దానిని చూచి వ్రాసికొనవలె గదా! కడపలో ఎట్లు త్రిప్పుతారు, ప్రొద్దుటూరులో ఎట్లు, జమ్మలమడుగులో ఎట్లు, పులివెందులలో ఎట్లు? పట్టు ఎక్కడ, అడుగు ఎటు, ఏ దెబ్బకు ఏ కాపు? జీవించి ఉన్న వస్తాదుల వద్ద కూర్చుని వ్రాసికొనుట మన విద్యార్థులు వేసవి సెలవులలో చేయదగిన పని. నేటి చరవాణిలో దృశ్యాన్ని పట్టుట ఎంత సేపు?

కళాశాల కమిటీ వారికి నా మనవి చిన్నది. రానున్న వార్షిక క్రీడలలో కర్రసామును క్రీడల పట్టికలోనే చేర్చవలె, సాంస్కృతిక సంధ్యకు త్రోయరాదు. పోటీదారు తాను ఎవరి వద్ద, ఏ ఊరి పద్ధతి నేర్చినాడో పత్రంలో వ్రాయించి, మైకులో అతని పేరుతో పాటు ఆ ఊరి పేరు, ఆ వస్తాదు పేరు చదువవలె. ఖర్చు లేని ఏర్పాటు ఇది. వాంగ్ జిపింగ్, గావో జెన్‌డాంగ్‌ల కలహం వంటిది మనకు రాకుండుటకు ఊరికొక బహుమతి పెట్టక, అందరికీ ఒకే బరి, ఒకే బహుమతి ఉంచవలె. న్యాయనిర్ణేతలలో వ్యాయామోపాధ్యాయులతో పాటు ఒక వస్తాదు ఉండవలె, ఆయనకు చదువు రాకపోయినా సరే. గంతులకు, కర్రను గాలిలోనికి ఎగురవేసి పట్టుటకు వేరుగా మార్కులు పెట్టరాదు. అవి చప్పట్లు తెచ్చుకొంటవి, అది చాలును. పెట్టిన మరుసటి ఏడు కర్రసాము గారడీ అవుతుంది. ఒంటరి విన్యాసం తరువాత, ఎదుట మరొకనిని నిలిపి, కర్రకు గుడ్డ చుట్టి, తలకు రక్షణ కట్టి, నాలుగు దెబ్బలు కాచుకొనుమని అడుగవలె. త్రిప్పుట వచ్చినవాడెవడో, కాపు వచ్చినవాడెవడో అక్కడ తేలును.

యువజనోత్సవం నుండి వచ్చిన మరునాడు ఆ విద్యార్థి నానాను చూచుటకు వెళ్ళినాను. మార్కుల పత్రం చదివి వినిపించినాను. భావప్రకటన, ఆహార్యం అనగా ఏమిటో వివరించినాను. పెద్దాయన నవ్వలేదు, కోపించలేదు. "కర్ర తగిల్నోనికి దెబ్బ తెలుస్తాది గానీ, చూసేటోనికి మార్కెట్లా తెలుస్తాది సార్?" అని మాత్రం అడిగినాడు. తరువాత మనుమని పిలిచి, ముంగిట్లో నిలబెట్టి, అతని ఎడమ కాలు ఒక జానెడు వెనుకకు జరిపించినాడు. వేదికపై ఆ కాలు తప్పుగా పడినదట. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఒక్కరును దానిని చూడలేదు, నేనును చూడలేదు. వార్షిక క్రీడలనాడు వచ్చి కూర్చుంటారా అని అడిగితే, శుక్రవారం కాకపోతే వస్తానన్నాడు.